మేఘముల మీది మెట్లబాట

పెరూ దేశమున ఆండీస్ పర్వతములలో, సముద్రమట్టమునకు 2,430 మీటర్ల యెత్తున మాచూ పీచూ అను శిథిలనగరము కలదు. దానిని చూడబోవువారిలో పెక్కుమంది రైలెక్కి, బస్సెక్కి ఒక పూటలో చేరుదురు. కొందరు మాత్రము నాలుగు దినములు నడచి పోవుదురు. ఆ బాట 43 కిలోమీటర్లు. గుడి యెంతో గుడికి పోవు త్రోవయు నంతయే యని నమ్మిన మనకు ఆ నడకలోని యర్థము వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ నగరమును 15వ శతాబ్ది నడుమ, ఇంకా చక్రవర్తి పచకూతి కాలమున కట్టిరని పండితుల మతము. ఇంకాలకు ఇనుము తెలియదు, బండిచక్రము లేదు, అక్షరములు లేవు. త్రాళ్లకు ముడులు వేసి లెక్కలు నిలుపుకొనిరి. అయినను 30,000 కిలోమీటర్లకు మించిన రహదారులను వేసిరి. వాటిపై వేగరులు అంచెలంచెలుగా పరుగిడి రాజాజ్ఞలను చేరవేసెడివారు. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వముగా గుర్తించిన ఆ మార్గజాలమున ఈ బాట యొక చిన్న పాయ.

మొదటి దినము నడక ఉరుబాంబా నదీతీరమున మొదలగును. కొండవాలును మెట్లుమెట్లుగా మలచిన పొలముల శిథిలములు అచటనే కనబడును. రెండవనాడు అసలు పరీక్ష. ఆనాడు ఎక్కవలసిన కనుమ యెత్తు 4,215 మీటర్లు. దాని పేరు వార్మివాన్యుస్కా, అనగా 'మరణించిన స్త్రీ'. ఆ కొండకొమ్ము వెల్లకిల పరుండిన స్త్రీ రూపమున దోచుటచే ఆ పేరు కలిగెనందురు. గాలి పలుచనై పది యడుగులకే రొప్పు పుట్టును, తల దిమ్మెక్కును. యాత్రికులు కోకా ఆకుల కషాయము త్రాగి మెల్లగా సాగుదురు. మూడవనాడు మెట్లు మబ్బులలోనికి దిగును. పూయుపటమార్కా యనగా 'మేఘముల మీది ఊరు'. విన్యాయ్ వాయ్నా యనగా 'నిత్యయౌవనము'. 

అయితే ఈ యాత్రికుల గుడారములు, వంటపాత్రలు, బియ్యము మోయువారెవరు? క్వెచువా భాష మాటలాడు ఆ కొండపల్లెల రైతులే. వారు యాత్రికులకంటె వెనుక బయలుదేరి, ముందుగా చేరి, గుడారము వేసి, పొయ్యి రాజవేయుదురు. ఒకప్పుడు వారి వీపుపై బరువునకు మితి లేకుండెను. 2001లో ఆ దేశమున చట్టము వచ్చి, ఒక్కొక్కరు 20 కిలోలకు మించి మోయరాదని కట్టడి చేసెను.

ఈ నగరమును 1911 జూలై 24వ తేదీన అమెరికా దేశీయుడైన హైరం బింగ్‌హామ్ కనుగొనెనని పాఠ్యపుస్తకములు చెప్పుచు వచ్చినవి. కాని ఆనాడు అతనికి త్రోవ చూపినది మెల్చోర్ ఆర్తియాగా అను స్థానికుడు. శిథిలముల నడుమ రైతు కుటుంబములు అప్పటికే సేద్యము చేసికొనుచుండెను. ఒక చిన్న బాలుడే అతనిని వెంటబెట్టుకొని గోడలన్నియు చూపెను. అంతకు ముందే, 1902లో, అగస్టిన్ లిసారాగా అను నాతడు ఒక గోడపై తన పేరు వ్రాసి పోయెను. ఆ పేరును బింగ్‌హామ్ తన దినచర్యలో వ్రాసికొనెను. అతడు లోకమునకు చాటినమాట నిజము. తొలుత కనుగొన్నమాట నిజము కాదు. చరిత్ర పాఠము చెప్పువారును, వినువారును ఈ రెంటి భేదము మరువరాదు.

నాలుగవనాడు తెల్లవారకమునుపే లేచి, యాత్రికులు ఇంతిపుంకు అను సూర్యద్వారము చేరుదురు. మంచు విచ్చినచో, నగరము ఒక్కసారిగా క్రింద కన్నుల బడును. సున్నము లేకయే అతికిన రాళ్లు ఎండలో మెరయును. అందరును నిలిచి చూతురు.

బరువు మోసినవారు మాత్రము సాధారణముగా అచట నుండరు. గుడారములు చుట్టుకొని, చివరి మజిలీనుండియే రైలు అందుకొనుటకు వారు వేరు దారిని దిగిపోవుదురు. వారి పూర్వులు కట్టిన నగరమది.