గూటి మీది బ్లూగిల్‌ను వదిలేయాలి

మే నెలాఖరులో మిన్నెసోటా సరస్సుల ఒడ్డున ఈ మాట తప్పక వినిపిస్తుంది: "బ్లూగిల్ మరీ ఎక్కువైపోయింది. పెద్దవాటిని ఏరి తీసేస్తే మిగిలినవి ఏపుగా పెరుగుతాయి." దీన్ని నమ్మినవాళ్లు ఒడ్డువార లోతు లేని నీళ్లలో ఫ్లై (పురుగులా కనిపించే కృత్రిమ ఎర) విసిరి, అరచేతికి పట్టని మగ చేపలతో బకెట్లు నింపుకుని పోతారు. కొన్నేళ్లు గడిచేసరికి అదే సరస్సులో నాలుగైదు అంగుళాలు దాటిన చేప కనిపించదు. అప్పుడు కూడా తప్పు సరస్సుదే అంటారు.

అసలు ఆ చేపలు అంత తేలిగ్గా ఎందుకు చిక్కుతున్నాయో చూడాలి. నీళ్లు దాదాపు 20 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కగానే మగ బ్లూగిల్ ఇసుకనో గులకనో తోకతో ఊడ్చి గుండ్రని గుంట చేస్తుంది. పక్కపక్కనే పదుల కొద్దీ గుంటలు వెలుస్తాయి. ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. ఆ తర్వాత వారం రోజుల దాకా కాపలా అంతా మగదే. రెక్కలతో గుడ్లకు నీళ్లు విసురుతూ, దగ్గరికొచ్చిన ప్రతిదాన్నీ తరుముతుంది. తిండి దాదాపు మానేస్తుంది. అది ఫ్లైని కరిచేది ఆకలితో కాదు, గూటిని కాపాడుకోవడానికి. కొర్రమీను తన పిల్లల గుంపును ఎలా కాస్తుందో మన చెరువుల దగ్గర పెరిగినవాళ్లకు చెప్పనక్కర్లేదు. కాపలా చేప గాలానికి చిక్కిందంటే, చుట్టూ కాచుకుని ఉన్న చిన్న చేపలు నిమిషాల్లో గుడ్ల మీద పడతాయి.

గుడ్లు పోవడం కన్నా పెద్ద నష్టం మరొకటుంది. కెనడాలోని ఆంటారియోలో ఒపినికన్ సరస్సు బ్లూగిల్‌పై మార్ట్ గ్రాస్, ఎరిక్ చార్నోవ్ 1980లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, అక్కడ గూడు కట్టి కాపలా కాసే మగ చేప ఈడుకు రావడానికి ఏడేళ్లు పడుతుంది. రెండేళ్లకే ఈడుకొచ్చే మగవి వేరే ఉన్నాయి. అవి గూడు కట్టవు, పరాయి గూళ్లలో దొంగచాటుగా జొరబడతాయి. పెద్ద మగవి ఉన్నంతకాలం కుర్ర చేపలకు మంచి గూడు దక్కదు కాబట్టి ఈడుకు రావడం వాయిదా వేసుకుని ఒళ్లు పెంచుకుంటాయి. పెద్దవి మాయమైతే ఆ అడ్డు తొలగిపోతుంది. చిన్న ఒంటితోనే ఈడుకొచ్చి, ఎదుగుదలకు వెళ్లాల్సిన శక్తిని సంతానానికి ఖర్చు చేసేస్తాయి. పెద్దవాటిని ఏరి తీసి చేపల్ని పెంచుదామనుకున్నవాళ్లు వాటిని కురచబరుస్తున్నారు.

మిన్నెసోటా సహజ వనరుల శాఖ చేతులు కట్టుకుని కూర్చోలేదు. రాష్ట్రమంతటా రోజుకు బ్లూగిల్‌తో కలిపి 20 సన్‌ఫిష్ పట్టుకోవచ్చు గానీ, ఎంపిక చేసిన సరస్సుల్లో ఆ పరిమితిని 10కి, కొన్నిచోట్ల 5కి తగ్గించింది. పొరుగున విస్కాన్సిన్ 2016 నుంచి కొన్ని సరస్సుల్లో గుడ్లు పెట్టే మే, జూన్ నెలలకు ప్రత్యేక పరిమితులు పెట్టి చూసింది.

ఒక్కటి ఒప్పుకోక తప్పదు. బాస్ లాంటి వేటాడే చేపలు తక్కువైన చిన్న చెరువుల్లో బ్లూగిల్ నిజంగానే కిక్కిరిసి, తిండి చాలక గిడసబారుతుంది. అక్కడ పలచబరచడం మంచిదే. కానీ తీయాల్సినవి చిన్నవి. వదలాల్సినవి పెద్ద మగ బ్లూగిల్, వాటితోపాటు బాస్.

ఇక ఫ్లై ఫిషింగ్ ట్రౌట్‌కే పరిమితమన్నది తప్పు. ఫోమ్ సాలీడు ఫ్లైని బ్లూగిల్ మహా ఇష్టంగా అందుకుంటుంది. ఖరీదైన రాడ్ కావాలన్నదీ తప్పే. మామూలు నాలుగో నంబరు రాడ్ సరిపోతుంది. ఇంత చిన్న నోటికి పెద్ద ఫ్లై దండగ. పది, పన్నెండు నంబర్ల కొక్కేలు చాలు.

వసంతంలో సరదా తీరాలంటే గూళ్ల దాకా ఆగనక్కర్లేదు. మంచు కరిగాక, ఎండ బాగా తగిలే ఉత్తరపు ఒడ్డున నల్ల బురద అడుగున్న మడుగులు ముందుగా వేడెక్కుతాయి. చిన్న నింఫ్ ఫ్లైని నెమ్మదిగా కదిలిస్తే చాలు, ఆకలిగా ఉన్న చేపలు అక్కడికే వస్తాయి. గూళ్ల మీద పట్టేవాళ్లు ముల్లు నొక్కేసిన కొక్కెం వాడి, చేతులు తడుపుకుని, చేపను పట్టిన చోటే వెంటనే వదలాలి. కూరకు ఆరేడు అంగుళాలవి కొన్ని చాలు. ఏ సరస్సుకు వెళ్లినా ఆ ఏటి నిబంధన చూసుకోవాలి; రోడ్డుకు ఇవతలి సరస్సులో 20 పట్టుకోవచ్చంటే, అవతలిదాంట్లో 5కు మించి పట్టకూడదని ఉండవచ్చు.