జాడీలో గుండెకు ఎరుపు ఎలా నిలుస్తుంది?

అద్దంకి నుంచి ఒంగోలుకో గుంటూరుకో వెళ్లి ఎంబీబీఎస్‌లో చేరినవాళ్లు మొదటి ఏడాదే అనాటమీ మ్యూజియంలో అడుగుపెడతారు. అక్కడి గాజు జాడీల్లో గుండె, మెదడు, మూత్రపిండం ఏళ్లతరబడి చెడకుండా ఉంటాయి. ఎందుకు?

ప్రాణం పోయాక శరీరంలోని ఎంజైములే కణాలను కరిగిస్తాయి, బాక్టీరియా తోడవుతుంది. ఈ రెంటినీ ఆపేది ఫార్మలిన్. 1893లో జర్మన్ వైద్యుడు ఫెర్డినాండ్ బ్లూమ్ దానితో క్రిములను చంపే ప్రయోగాలు చేస్తుండగా తన వేళ్ల చర్మం గట్టిపడటం గమనించాడు. అందులోని ఫార్మాల్డిహైడ్ ప్రోటీన్లను ఒకదానితో ఒకటి ముడివేస్తుంది. ముడిపడ్డ కణజాలం కుళ్లదు.

అసలు చిక్కు రంగుతోనే. ఫార్మలిన్‌లో రక్తపు ఎరుపు గోధుమరంగుకు తిరుగుతుంది. దీనికి కైజర్లింగ్ అనే మరో జర్మన్ వైద్యుడు 1890లలో చక్కని దారి చూపాడు. అవయవాన్ని పొటాషియం లవణాలు కలిపిన ఫార్మలిన్‌లో నానబెట్టి, కడిగి, ఆల్కహాలులో ఉంచాలి. ఎరుపు తిరిగొస్తుంది! కానీ కనిపెట్టుకుని ఉండాలి. ఆల్కహాలులో ఎక్కువసేపు ఉంటే ఆ రంగు మళ్లీ పోతుంది. చివరికి గ్లిజరిన్, పొటాషియం ఎసిటేట్ కలిపిన నీటిలో భద్రపరుస్తారు. జాడీకి ఎండ తగలనివ్వరు. కల్లంలో ఎక్కువ రోజులు ఎండకు వదిలేసిన మిరపకాయ వెలిసినట్టే అవయవం రంగూ వెలిసిపోతుంది.

కొన్ని నమూనాల్లో ధమనులు ఎర్రగా, సిరలు నీలంగా మెరుస్తాయి. అది తేలిగ్గా గుర్తుపట్టడానికి రంగు లేటెక్స్‌ను రక్తనాళాల్లోకి ఎక్కించడం వల్లో, పైన రంగు పూయడం వల్లో వచ్చింది. సిరల్లో పారే రక్తం నిజానికి ముదురు ఎరుపే.