ఆకు తడపడానికి పుట్టిన పంపు

వీపు పంపు పుట్టిందే పండ్ల తోట కోసం. 1880లలో ఫ్రాన్స్ ద్రాక్షతోటలను బూజు తెగులు తినేస్తోంది. దొంగలు కోయకుండా దారి పక్క తీగలకు చల్లిన మైలుతుత్తం, సున్నమే తెగులును ఆపుతున్నాయని మియార్దే అనే ఆచార్యుడు గమనించి, 1885లో ఆ మిశ్రమాన్ని లోకానికి చెప్పాడు. అదే బోర్డో మిశ్రమం. దాన్ని ప్రతి ఆకుకూ పట్టించాలి. లియోన్ దగ్గర విల్‌ఫ్రాంష్ ఊళ్లో విక్టర్ వెర్మోరెల్ ‘ఎక్లేర్’ అనే వీపు పంపు చేసి అమ్మాడు. అసలు తెలివంతా అందులోని నాజిల్‌ది, దాని మూలం అమెరికాది. అక్కడ కీటక శాస్త్రవేత్త చార్లెస్ రైలీ బృందం పత్తి పురుగు కోసం చేసిన నాజిల్‌లో మందు పక్కనుంచి దూరి, గిర్రున తిరిగి, సన్నటి తుంపరగా విచ్చుకుంటుంది.

ఇప్పుడు పులివెందుల చీనీ, అరటి తోటల్లో దాని వారసుడే తిరుగుతోంది. 16 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు, కింద బ్యాటరీ. పని మాత్రం తలకిందులైంది. గడ్డి మందు కొట్టేటప్పుడు చెట్టు ఆకు అసలు తడవకూడదు.

పురుగు మందు నాజిల్‌తోనే గడ్డి మందు కొడితే ఏమవుతుందో లెక్క చూడండి. 100 మైక్రాన్ల చుక్క మోకాలి ఎత్తు నుంచి నేలకు దిగడానికి రెండు సెకన్లు పడుతుంది. 50 మైక్రాన్లదైతే ఏడు సెకన్లు. సెకనుకు రెండు మీటర్ల గాలి ఉంటే మొదటిది నాలుగు మీటర్లు, రెండోది పద్నాలుగు మీటర్లు కొట్టుకుపోతుంది. చీనీ సాళ్ల మధ్య పద్నాలుగు మీటర్ల దూరం ఉండదు. అందుకే గడ్డి మందుకు పెద్ద చుక్కలు వేసే బల్లపరుపు నాజిల్, తక్కువ ఒత్తిడి, నాజిల్ చుట్టూ డిప్ప కావాలి. డిప్ప ఖరీదు పెద్దదేమీ కాదు, అయినా కొనేవాళ్లు తక్కువ.

గ్లైఫోసేట్ అనే గడ్డి మందు విషయంలో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. కలుపును చంపే దాని గుణాన్ని 1970లో మోన్‌శాంటోలో జాన్ ఫ్రాంజ్ కనిపెట్టాడు. ఆకు మీద పడితే వేరు దాకా దిగుతుంది, తుంగ గడ్డలనూ వదలదు. ముదురు బెరడును దాటలేదు గానీ, లేత చీనీ కాండం పచ్చగా ఉన్నన్నాళ్లూ ఆకులాగే పీల్చేస్తుంది. కాండం మొదట్లో లేచిన పిలకల మీద పడినా అంతే. దెబ్బ ఆ రోజే తెలియదు. తర్వాత వచ్చే చిగురు సన్నగా, పాలిపోయి వస్తుంది. అప్పుడు రైతు జింకు లోపమనుకుని ఇంకో మందు కొంటాడు.

2022 అక్టోబరులో కేంద్రం పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ గ్లైఫోసేట్ వాడకూడదని ఉత్తర్వు ఇచ్చింది. మరో గడ్డి మందు పారాక్వాట్ వేరులోకి దిగదు, తగిలిన పచ్చదనాన్నే మాడుస్తుంది. కానీ అది కడుపులోకి పోతే విరుగుడు లేదు. చీనీ నాటిన మొదటి రెండు మూడేళ్లూ పాదులో కలుపు చేత్తో తీసి ఎండుగడ్డి పరిచి, సాళ్లలో గుంటక తోలడమే నా ఓటు.

ఇక మందే కొట్టాలంటే దానికి వేరే పంపు ఉంచాలి. 2,4-డి అనే గడ్డి మందు రబ్బరు గొట్టంలో మిగిలిపోయి, మరుసటి వారం పురుగు మందుతో కలిసి అరటి మీదకే వస్తుంది.