బిందెతో లెక్క పెడితే కరువు ఎవరిదో తెలుస్తుంది

కరువు వచ్చిందంటే సర్కారు చెప్పే మొదటి మాట, నీళ్లు పొదుపుగా వాడండి అని. మంచి మాటే. అయితే ఆ మాట ఎవరికి చెప్తున్నారో చూడాల. మన లైన్లలో ఆడోళ్లకు పొదుపు నేర్పే పని లేదు. బియ్యం కడిగిన నీళ్లు చెట్టుకు, బట్టలు ఉతికిన నీళ్లు కక్కసుకు పోసేది వాళ్లకు ఎప్పటినుంచో అలవాటు.

2023లో వానలు ఎగ్గొట్టినాయి. కర్ణాటకలో 236 తాలూకాలుంటే 223 తాలూకాలను కరువు తాలూకాలని సర్కారు ప్రకటించింది. 2024 మార్చిలో బెంగళూరు జలమండలి ఒక ఆర్డరు పెట్టింది. తాగే నీళ్లతో కార్లు కడగరాదు, తోటలకు పెట్టరాదు, ఇళ్లు కట్టే పనికి వాడరాదు. తప్పితే 5,000 రూపాయల జరిమానా. మళ్లీ తప్పితే దినానికి 500 అదనం.

ఆ ఆర్డరు సరైనదే. కానీ మన లైను ఇళ్లలో కడగడానికి కారూ లేదు, తడపడానికి తోటా లేదు. మరి మనకు కట్టుబాటు లేదా అంటే, ఉంది. అది కాగితం మీద రాయరు, అంతే. రెండు దినాలకొకసారి వచ్చే కొళాయి వారానికి ఒకసారి వస్తుంది. గంటసేపు వచ్చేది అరగంటకే ఆగిపోతుంది. అదే మనకు పెట్టిన కట్టుబాటు. దానికి తేదీ లేదు, సంతకం లేదు, అడగడానికి ఆఫీసరు లేడు.

అందుకే మనమే లెక్క వేసుకోవాల. మామూలు ప్లాస్టిక్ బిందెకు సుమారు 15 లీటర్లు పడతాయి. పల్లెల్లో ఇంటింటికీ కొళాయి ఇచ్చే జల్ జీవన్ మిషన్‌లో మనిషికి దినానికి 55 లీటర్లు అని పెట్టినారు. మురుగు పైపులున్న పట్నాలకు సర్కారు లెక్క 135 లీటర్లు. అయిదుగురున్న సంసారానికి 55 చొప్పున 275 లీటర్లు, అంటే 18 బిందెలు. 135 చొప్పున అయితే 45 బిందెలు. మీ ఇంటికి వారంలో ఎన్ని బిందెలు వస్తున్నాయో క్యాలెండరు మీద రాసి పెట్టండి, ఏడుతో భాగించండి. దినానికి 18 కన్నా తక్కువ వస్తే మీరు నీళ్లు పొదుపు చేయాల్సిన వాళ్లు కాదు, నీళ్లు అడగాల్సిన వాళ్లు.

దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ అనే పెద్ద పట్నం ఉంది. అక్కడ వరసగా మూడేళ్లు కరువు వచ్చి 2018లో డ్యాములు అడుగంటినాయి. ఆ ఏడు ఫిబ్రవరి 1 నుంచి మనిషికి దినానికి 50 లీటర్లే అన్నారు. మన లెక్కలో మూడు బిందెలు, పైన ఒక చిన్న బకెట్టు. ఎక్కువ వాడిన ఇంటికి రేటు పెంచినారు. అయినా వినని ఇళ్లకు నీళ్లు కట్టేసే మీటర్లు బిగించినారు. కొళాయిలు పూర్తిగా మూసే దినం రాకుండా ఆ ఊరు గట్టెక్కింది. ఎక్కువ వాడేవాళ్ల దగ్గర తగ్గిస్తేనే నీళ్లు మిగిలేది. తక్కువ వాడేవాళ్ల దగ్గర తగ్గించడానికి ఏముంది?

మన కోలారు జిల్లాలో ఏడాది పొడుగునా పారే ఏరు ఒక్కటీ లేదు. పాలారు కూడా వాన పడితేనే ఏరు, లేకుంటే ఇసుక. అయినా దొరల కాలంలో బేతమంగళం చెరువు నుంచి పంపులు పెట్టి కేజీఎఫ్‌కు నీళ్లు తెచ్చినారు. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు కూడా తెచ్చినారు. బంగారం కావాల్సి వచ్చింది కాబట్టి నీళ్లూ వచ్చినాయి, దీపమూ వచ్చింది. 2001 ఫిబ్రవరి 28న గని మూసినారు. గని పోయింది గానీ జనం పోలేదు. కంపెనీ లేని ఊరి కోసం నీళ్లు అడిగేది ఇప్పుడు జనమే.

బోరు నీళ్లున్నాయి గదా అంటారు. జిల్లాలో చాలా బోర్లలో ఫ్లోరైడు ఉంది. కాస్తే అది పోదు, నీళ్లు ఇంకి ఇంకా చిక్కబడుతుంది. పిల్లల పళ్లకు గార కట్టేది, పెద్దోళ్ల ఎముకలు బిగుసుకునేది దానివల్లే. కాబట్టి బోరు నీళ్లు కడగడానికి, ఉతకడానికి పెట్టుకోండి. పంపు నీళ్లు తాగడానికి, వంటకు దాచండి. 2018 నుంచి కె.సి. వ్యాలీ పథకంలో బెంగళూరు మురుగు నీళ్లను శుద్ధి చేసి లక్ష్మీసాగరం మొదలుకొని మన చెరువులకు వదులుతున్నారు. అది భూమిలో నీళ్లు ఊరడానికే, తాగడానికి కాదు.

దాచిన నీళ్లకు మూత పెట్టండి. డెంగీ దోమ మంచి నీళ్లలోనే గుడ్లు పెడుతుంది. వారానికొకసారి తొట్టి వంపి, గోడలు రుద్ది కడగండి. చుక్కచుక్కగా కారే కొళాయి దినానికి ఒక బిందెకు పైనే పోగొడుతుంది. దాని వాషరు మార్చడానికి అయ్యే ఖర్చు కొంచెమే.

ఇంకొక కష్టం ఉంది, అది ఏ లెక్కలోనూ రాదు. మారికుప్పంలో తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరుకు పనికి పోయే ఇళ్లు మనలో ఎన్నో ఉన్నాయి. కొళాయి పగలు వస్తే ఆ ఇంట్లో పట్టేవాళ్లు ఎవరు? ఒక మనిషి ఇంట్లో ఆగిపోవాల, లేదా ఆడబిడ్డను బడి మాన్పించాల. దినం కూలి పోతుంది, పైగా ట్యాంకరుకు దుడ్లు. నీళ్లు ఊరికే వచ్చినట్టు కనిపిస్తాయి గానీ వాటి ధర ఆ ఇల్లు కట్టేసింది.

కాబట్టి కరువులో మనం అడగాల్సినవి ఇవి. ఏ లైనుకు ఏ దినం, ఏ గంటకు నీళ్లు వదులుతారో వార్డులో బోర్డు మీద రాయాల. పనికి పోయేవాళ్లున్న లైన్లకు వారంలో ఒకసారైనా రాత్రి పూట వదలాల. ట్యాంకరు రేటు కూడా ఆ బోర్డు మీదే ఉండాల. కోత పెట్టాల్సి వస్తే కళ్యాణ మంటపాలు, లాడ్జీలు, బండ్లు కడిగే షాపుల దగ్గర మొదలుపెట్టాల. పంచేది ఇంటి లెక్కన కాదు, తలల లెక్కన కావాల. ఇద్దరున్న ఇంటికీ ఎనిమిది మంది ఉన్న ఇంటికీ ఒకటే అయితే అది న్యాయం కాదు.

లైనులో పది ఇళ్ల క్యాలెండర్లు ఒక చోట పెట్టి కాగితం మీద ఎక్కించండి. అందరూ సంతకాలు పెట్టి నగరసభకు ఇవ్వండి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. నీళ్లు రావడం లేదు అని నోటితో చెప్తే, సరే చూస్తాం అంటారు. ఇన్ని తలలకు ఇన్ని బిందెలే వచ్చినాయి అని రాసిస్తే జవాబు చెప్పాల్సి వస్తుంది. అంతదాకా పక్కింటివాళ్లు రైలుకు పోయి ఉంటే వాళ్ల బిందెలు కూడా వరుసలో పెట్టండి.