యింటికీ, పశువుల పాకకూ ఏ బల్బు మేలు?

పాడి వున్న యింట్లో దీపానికి పని ఎక్కువ. ఊరంతా నిద్రలో వుండగానే పాకలో దీపం వెయ్యాలి. సాయంత్రం పాలు పితికే వేళకు మళ్ళీ వెయ్యాలి. ఈనడానికి సిద్ధంగా వున్న గేదె వుంటే రాత్రంతా ఆర్పడానికి వీలుండదు. అందుచేత ఏ బల్బు కొనాలన్నది మన సభ్యులకు చిన్న విషయం కాదు. యింట్లో సి.ఎఫ్.ఎల్. బల్బులు యింకా వెలుగుతూనే వున్నాయి, వాటిని తీసివేసి ఎల్.ఇ.డి. బల్బులు పెట్టమంటారా అని కొందరు అడుగుతున్నారు. ఎల్.ఇ.డి. బల్బు ఏళ్ళ తరబడి వస్తుందని చెప్పి అమ్మారు, ఏడాది తిరగకుండానే పోయింది, యిదేమి చోద్యమని మరికొందరు అడుగుతున్నారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. మాకు తెలిసినంతవరకు వివరిస్తాము.

పాత గుండు బల్బులో సన్నని టంగ్‌స్టన్ తీగ కాలి వెలుగు యిస్తుంది. అది తినే కరెంటులో నూటికి తొంభై వంతులకు పైగా వేడిగానే పోతుంది. కోడిపిల్లలకు వెచ్చదనం కోసం యీనాటికీ ఆ బల్బునే వేలాడదీయడానికి కారణం యిదే. ఆ పనికి అది మంచిదే, వెలుగుకు మాత్రం దండగ. సి.ఎఫ్.ఎల్. అంటే ట్యూబులైటును వంచి, మెలితిప్పి, గుండు బల్బు హోల్డరులో పట్టేటట్టు చేసినదే. గాజుగొట్టం లోపల కొద్దిపాటి పాదరసం ఆవిరిగా వుంటుంది. కరెంటు పోయినప్పుడు ఆ ఆవిరి కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలను విడుదల చేస్తే, గాజు లోపలి తెల్లని పూత వాటిని వెలుగుగా మారుస్తుంది. ఎల్.ఇ.డి.లో తీగా లేదు, ఆవిరీ లేదు. ఆవగింజంత అర్ధవాహకపు ముక్కలు నీలి వెలుగునిస్తాయి. వాటిపై వున్న పసుపు పూత వల్ల ఆ వెలుగు మన కంటికి తెల్లగా కనబడుతుంది. ఎర్ర ఎల్.ఇ.డి. 1962లోనే వచ్చినా, నీలిది సాధించడానికి మరో ముప్ఫై ఏళ్ళు పట్టింది. దాన్ని సాధించిన అకసాకి, అమానో, నకమురా అనే శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి యిచ్చారు.

ఖర్చు లెక్క

ఒక గదికి సరిపడే వెలుగు, అంటే సుమారు 800 ల్యూమెన్లు, కావాలంటే గుండు బల్బుకు 60 వాట్లు, సి.ఎఫ్.ఎల్.కు 14 వాట్లు, ఎల్.ఇ.డి.కి 9 వాట్లు చాలు. యింట్లోనూ పాకలోనూ కలిపి నాలుగు బల్బులు, రోజుకు అయిదేసి గంటలు వెలుగుతాయనుకుందాం. నెలకు ముప్ఫై రోజుల చొప్పున గుండు బల్బులైతే 36 యూనిట్లు, సి.ఎఫ్.ఎల్. అయితే 8.4 యూనిట్లు, ఎల్.ఇ.డి. అయితే 5.4 యూనిట్లు ఖర్చవుతాయి.

ఈ అంకెలను మరొకసారి చూడండి. గుండు బల్బు నుండి సి.ఎఫ్.ఎల్.కు మారినప్పుడే అసలు పొదుపు వచ్చేసింది. అక్కడి నుండి ఎల్.ఇ.డి.కి మారితే నాలుగు బల్బులకూ కలిపి మిగిలేది నెలకు మూడు యూనిట్లు. యూనిట్టు అయిదు రూపాయలనుకుంటే పదిహేను రూపాయలు. తక్కువ వాడకం శ్లాబులో వున్నవారికి అంత కూడా మిగలదు. బల్బు ఒక్కొక్కటి వంద రూపాయలు పెట్టి కొంటే ఆ డబ్బు తిరిగి రావడానికి రెండేళ్ళు దాటుతుంది. కనుక బాగా వెలుగుతున్న సి.ఎఫ్.ఎల్.ను డబ్బు కోసం తీసి పారవేయమని మేము చెప్పము. అది పోయిన రోజున దాని స్థానంలో ఎల్.ఇ.డి. పెట్టండి. గుండు బల్బు యింకా ఎక్కడైనా వెలుగుతూ వుంటే మాత్రం రేపటి దాకా ఆగవద్దు.

అందరూ మరచిపోయేది జీరో బల్బు. పేరు జీరో గాని, పాత తీగ రకం జీరో బల్బు 12 నుండి 15 వాట్ల దాకా తింటుంది. పాకలో రాత్రి పది గంటల సేపు వెలిగితే నెలకు దాదాపు నాలుగున్నర యూనిట్లు. అంటే పైన చెప్పిన నాలుగు సి.ఎఫ్.ఎల్. బల్బులనూ మార్చినా మిగలనంత! అర వాటు ఎల్.ఇ.డి. రాత్రి దీపం అదే పని చేసి నెలకు 0.15 యూనిట్టుతో సరిపెడుతుంది. ముందుగా మార్చవలసిన బల్బు యిది. (బిల్లు తగ్గించడమే మీ పట్టుదల అయితే, బల్బుల కంటే పాత సీలింగు ఫ్యాను మీద దృష్టి పెట్టండి. 75 వాట్ల ఫ్యాను చేసే పనిని యిప్పటి బి.ఎల్.డి.సి. ఫ్యాన్లు 30 వాట్లతో చేస్తున్నాయి. కాని అది మరో వ్యాసానికి సంబంధించిన సంగతి.)

ధరల విషయంలో ప్రభుత్వ పథకాలు చేసిన మేలు కాదనలేనిది. 2009లో మొదలైన బచత్ ల్యాంప్ యోజన కింద సి.ఎఫ్.ఎల్. బల్బును గుండు బల్బు ధరకే, అంటే పదిహేను రూపాయలకే, యిళ్ళకు యిచ్చారు. 2015 జనవరిలో ప్రారంభమైన ఉజాలా పథకం కింద దేశం మొత్తం మీద 36 కోట్లకు పైగా ఎల్.ఇ.డి. బల్బులు పంపిణీ అయ్యాయి. 9 వాట్ల బల్బు డెబ్బయి రూపాయలకు దొరకడంతో బజారు ధరలు కూడా దిగివచ్చాయి. యిక సి.ఎఫ్.ఎల్. కాలం ముగిసినట్టే. పాదరసం వాడకాన్ని తగ్గించే మినమాటా ఒప్పందం ప్రకారం యిళ్ళలో వాడే 30 వాట్ల లోపు సి.ఎఫ్.ఎల్. బల్బుల తయారీని, ఎగుమతి దిగుమతులను 2025తో ఆపివేయాలని 2022లో సభ్య దేశాలు నిర్ణయించాయి. మన దేశం కూడా ఆ ఒప్పందంలో వున్నది. దుకాణంలో మిగిలిపోయిన పాత సరుకును చవకగా యిస్తామన్నా కొనవద్దు.

పదేళ్ళన్న బల్బు ఏడాదికే ఎందుకు పోతుంది?

పెట్టె మీద 25,000 గంటలని వుంటుంది. రోజుకు అయిదు గంటల చొప్పున అది పదమూడేళ్ళ పైమాట. ఆ అంకె అబద్ధం కాదు గాని, అది వెలుగునిచ్చే ముక్కల ఆయుర్దాయం. వాటికి తగినట్టు కరెంటును మార్చి అందించే డ్రైవరు అనే చిన్న సర్క్యూటు బల్బు మెడలో వుంటుంది. బల్బు పోయిందంటే చాలాసార్లు పోయేది ఆ డ్రైవరే. ఎద్దులు గట్టివే, బండి యిరుసు విరిగిందన్నమాట.

డ్రైవరుకు శత్రువులు రెండు. మొదటిది వేడి. ఎల్.ఇ.డి. వెలుగు ముందు చల్లగా వున్నా వెనుక భాగం వేడెక్కుతుంది. ఆ వేడి పోవడానికి గాలి తగలాలి. గాలి ఆడని మూసిన గ్లోబులో బిగిస్తే లోపలి కెపాసిటరు త్వరగా ఎండిపోతుంది. రెండవది వోల్టేజి ఎగుడుదిగుడు. పొలం మోటార్లన్నీ ఒక్కసారిగా ఆగినప్పుడు, పిడుగులు పడినప్పుడు లైనులో వచ్చే పోటుకు నాసి రకం డ్రైవర్లు ఆగలేవు. ఒకే రాత్రి మీ యింట్లోనూ, పక్క యిళ్ళలోనూ నాలుగైదు బల్బులు పోయాయంటే తప్పు బల్బులది కాదు. స్తంభం దగ్గర న్యూట్రల్ తీగ వదులై వుండవచ్చు. వెంటనే లైనుమనిషికి చెప్పాలి. ఆలస్యమైతే టి.వి., ఫ్రిజ్ కూడా పోతాయి.

సి.ఎఫ్.ఎల్.కు జబ్బు వేరు. మాటిమాటికీ వేసి ఆర్పితే దాని ఆయువు తరుగుతుంది. వేసిన వెంటనే నిండు వెలుగు రాదు, కొంచెం సేపు పడుతుంది. స్నానాల గదికీ, దాణా గదికీ అది మొదటి నుండీ పనికిరాని దీపమే. ఎల్.ఇ.డి.కి యీ చిక్కు లేదు.

కొనేటప్పుడు చూడవలసినవి ఎక్కువ లేవు. పెట్టె మీద భారత ప్రమాణాల సంస్థ గుర్తు, ఐ.ఎస్. 16102 అన్న సంఖ్య, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య వుండాలి. తరువాత వాట్లు కాదు, ల్యూమెన్లు చూడాలి. 9 వాట్ల బల్బు 800 ల్యూమెన్లకు తక్కువ యిస్తే అది బీద బల్బు. గ్యారంటీ రెండేళ్ళో, మూడేళ్ళో వుంటుంది. బిల్లు తీసుకుని పెట్టెతో సహా దాచండి. సంతలో గోతం పరచి యిరవై రూపాయలకు అమ్మే బల్బుకు బిల్లూ వుండదు, అడిగే దిక్కూ వుండదు. వెలుగుతున్న బల్బును సెల్‌ఫోను కెమెరాలో చూస్తే నల్లని పట్టీలు బాగా దట్టంగా కదులుతూ కనిపిస్తే దాని డ్రైవరు నాసిదని అనుమానించవచ్చు. అటువంటి దీపం కింద పిల్లలు చదువుకుంటే కళ్ళు అలసిపోతాయి.

పశువుల పాకలో

యిక్కడ కొంచెం నిదానించి చెప్పాలి. పాకలో దీపం వెలుగు కోసమే కాదు, పురుగుల సంగతి కూడా చూసుకోవాలి. వాన కాలం దీపం చుట్టూ చేరే పురుగులు గేదెను కుదురుగా నిలబడనివ్వవు. పాల తపేలాలో పడేవి మరి కొన్ని. పురుగులను లాగేది ముఖ్యంగా అతినీలలోహిత, నీలి వెలుగులు. సి.ఎఫ్.ఎల్.లో యివి కొంత బయటికి వస్తాయి. ఎల్.ఇ.డి.లో అతినీలలోహితం దాదాపు వుండదు. అందులోనూ పసుపు ఛాయ గల రకానికి, అంటే పెట్టె మీద 2700 లేక 3000 కెల్విన్ అని వున్నదానికి, పురుగులు బాగా తక్కువ చేరుతాయి. రాత్రంతా వుంచే దీపం యీ రకమైతే మంచిది. పాలు పితికే చోట మాత్రం తెల్లని వెలుగు కావాలి. మొదటి ధారలను నల్లని పలక మీద పిండి పొదుగువాపు తునకలు వున్నాయేమో చూడాలన్నా, పాలలో ఎర్రజీర కనిపెట్టాలన్నా మసక పసుపు వెలుగు చాలదు. తెల్ల దీపం పితికేటంత సేపు వేసి ఆర్పివేస్తే సరి. దాన్ని పొదుగు వైపు వెలుగు పడేటట్టు, పాల పాత్రకు నేరుగా పైన కాకుండా ఓ పక్కకు కట్టండి.

రాత్రంతా దీపం వెలిగితే పాలు పెరుగుతాయన్న మాట కొన్నిచోట్ల వినిపిస్తున్నది. చలి దేశాల ఆవులపై జరిగిన పరిశోధనల్లో పదహారు గంటల వెలుగు, ఎనిమిది గంటల చీకటి వున్నప్పుడు పాలు పెరిగిన మాట నిజమే. యిరవైనాలుగు గంటలూ వెలుగు వుంచినప్పుడు ఆ లాభం రాలేదు. పశువుకు చీకటి కూడా కావాలి.

అన్నింటికన్న ముఖ్యమైనది తడి. పేడ, మూత్రం, కడుగు నీళ్ళు, వాటి నుండి వచ్చే అమ్మోనియా ఘాటు కలిసి హోల్డరు యిత్తడిని తినేస్తాయి. యింట్లో మిగిలిన పాత వైరుకు పాత హోల్డరు కట్టి దూలానికి వేలాడదీయడం మన పల్లెల్లో మామూలు. మనిషి చెప్పులతోనో, ఎండు నేల మీదనో వుంటాడు. పశువు నాలుగు కాళ్ళూ తడినేల మీద వుంటాయి. నేలలోకి కరెంటు దిగితే ముందు కాళ్ళ నుండి వెనుక కాళ్ళ దాకా దాని శరీరం గుండానే పారుతుంది. మనిషికి చురుక్కుమనే షాకు గేదె ప్రాణం తీయగలదు. ఒక మంచి గేదె పోతే ఆ యింటికి పాల డబ్బు ఎన్నాళ్ళు ఆగిపోతుందో సభ్యులకు మేము చెప్పనక్కరలేదు. పాకలో ‘ఐ.పి. 65’ అని రాసివున్న, నీరు, దుమ్ము చొరని మూత గల ఎల్.ఇ.డి. దీపాన్ని పశువు తలకూ కొమ్ముకూ అందని ఎత్తున బిగించాలి. వీటిని మూతతో సహా వేడి తట్టుకునేటట్టే తయారు చేస్తారు కనుక, ముందు చెప్పిన గ్లోబు చిక్కు యిక్కడ రాదు. వైరు పి.వి.సి. గొట్టంలో పోవాలి. పాక లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించాలి. దాని ఖర్చు బల్బు కన్న చాలా ఎక్కువే, కాని గేదె ఖరీదుతో పోల్చి చూసుకోండి.

ఎల్.ఇ.డి. బల్బు వల్ల అనుకోకుండా కలిగే ఉపకారం ఒకటి వున్నది. స్విచ్చి ఆర్పిన తరువాత కూడా బల్బు మసకగా వెలుగుతూ వుంటే దాన్ని తీసి పారవేయకండి, అది మీకేదో చెబుతున్నది. స్విచ్చిలో చిన్న ఎర్ర దీపం వుంటే దానివల్ల కావచ్చు. అది లేకపోతే, స్విచ్చిని ఫేజు తీగకు బదులు న్యూట్రల్ తీగకు కలిపివుండే అవకాశం ఎక్కువ. అప్పుడు స్విచ్చి ఆర్పినా హోల్డరులో కరెంటు వుంటుంది. బల్బు మార్చబోయి చెయ్యి పెట్టినవారికి ప్రాణాపాయం. మెయిను ఆపి, తెలిసిన ఎలక్ట్రీషియను చేత సరిచేయించాలి. పాత గుండు బల్బుకు యీ సంగతి చెప్పే తెలివి వుండేది కాదు.

సంఘం పాల సేకరణ కేంద్రంలో

పాలు కొలిచే బల్ల మీద, క్యాన్ల మీద సి.ఎఫ్.ఎల్. గాని, గాజు ట్యూబు గాని మూత లేకుండా వేలాడుతూ వుంటే యీ వారమే మార్పించమని కార్యదర్శులను కోరుతున్నాము. యిక్కడ పొదుపు లెక్క చూడనక్కరలేదు. తెరిచిన క్యాను పైన సి.ఎఫ్.ఎల్. పగిలితే గాజు పెంకులతో పాటు పాదరసం కూడా పాలలో పడుతుంది. వడకట్టి పంపుదామనే ఆలోచన రాకూడదు, ఆ క్యాను మొత్తం పారబోయవలసిందే. ఆహార భద్రతా నిబంధనలు కూడా ఆహారం మీద వుండే దీపాలకు పగిలినా పెంకులు రాలని మూత వుండాలంటున్నాయి. చాలా ఎల్.ఇ.డి. బల్బుల పైభాగం ప్లాస్టిక్‌దే కనుక యీ భయం తక్కువ. అయినా మూత వుండాలి.

పోయిన సి.ఎఫ్.ఎల్. బల్బులు

ఒక్కొక్క సి.ఎఫ్.ఎల్.లో వుండే పాదరసం కొద్ది మిల్లీగ్రాములే. భయపడి పారిపోవలసినంత ప్రమాదం కాదు, నిర్లక్ష్యం చేయదగినదీ కాదు. యింట్లో పగిలితే ఫ్యాను ఆపి, తలుపులు కిటికీలు తీసి, పిల్లలనూ పశువులనూ బయటికి పంపి, పావు గంట ఆగండి. చీపురుతో ఊడవవద్దు, పొడి గాలిలో లేస్తుంది. రెండు అట్టముక్కలతో పెంకులు ఎత్తి, తడి కాగితంతో నేల తుడిచి, అన్నింటినీ మూత గల సీసాలో వేయండి. పాకలో పశువుల మేత మీద పగిలితే ఆ మేతను తిరిగి వాడవద్దు.

పగలకుండా పోయిన బల్బులను పేడ గుంటలో వేసే అలవాటు మానాలి. ఆ ఎరువు మన పొలానికే, మన పశుగ్రాసానికే చేరుతుంది. ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనల ప్రకారం వీటిని విడిగా సేకరించాలి. సంఘ కార్యాలయంలో ఒక అట్టపెట్టె పెట్టి సభ్యుల యిళ్ళ నుండి వచ్చిన బల్బులను పగలకుండా అందులో నిలువ వుంచి, నిండిన తరువాత పట్టణంలోని ఎలక్ట్రానిక్ వ్యర్థాల సేకరణ కేంద్రానికి అప్పగించవచ్చు. పెట్టెను పాలు దించే చోటికి దూరంగా పెట్టండి.