చెవిలో తరంగం, జేబులో అయస్కాంతం

బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల మీద. మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ చుట్టుపక్కలే, 2.45 దగ్గర పనిచేస్తుంది. చెవిలో ఓవెన్ పెట్టుకున్నట్టేనన్న భయానికి మూలం ఇదే. తేడా అంతా శక్తిలో ఉంది. ఓవెన్‌ది 800 వాట్లనుకుంటే, క్లాస్-2 బ్లూటూత్ పరికరం విడిచేది మహా అయితే 2.5 మిల్లీవాట్లు. మూడు లక్షల ఇరవై వేల వంతుల్లో ఒక్క వంతు! పైగా ఇవి ఎక్స్‌రేల్లాంటివి కావు; డీఎన్‌ఏ బంధాలను తెంచే సత్తా వీటికి లేదు.

‘ఎయిర్‌పాడ్స్‌తో క్యాన్సర్, 250 మంది శాస్త్రవేత్తల హెచ్చరిక’ అని 2019లో వార్తలు గుప్పుమన్నాయి. ఆ విజ్ఞప్తి 2015 నాటిది. ఎయిర్‌పాడ్స్ బజారుకొచ్చింది 2016 డిసెంబరులో!

రేడియో తరంగాలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2011లో ‘2బి’ జాబితాలో చేర్చిన మాట నిజం. ‘క్యాన్సర్ కారకం కావచ్చు, ఆధారాలు మాత్రం పరిమితం’ అని దాని అర్థం. తూర్పు ఆసియా సంప్రదాయ ఊరగాయలూ అందులోనే ఉన్నాయి (మన ఆవకాయ కాదు, కంగారు పడకండి). ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన సమీక్ష 2024లో వెలువడింది. సెల్‌ఫోన్‌కూ మెదడు క్యాన్సర్‌కూ సంబంధం కనిపించలేదని తేల్చింది.

ఫోన్‌ను చెవికి ఆనించకుండా ఇయర్‌ఫోన్స్‌తో మాట్లాడితే తలకు తగిలే రేడియో శక్తి తగ్గుతుంది. మన దేశంలో ఫోన్లకు ‘శార్’ (శరీరం గ్రహించే రేడియో శక్తి) పరిమితి కిలోకు 1.6 వాట్లు. స్టార్, హాష్, 07, హాష్ నొక్కితే చాలా ఫోన్లలో ఆ వివరం తెరమీద కనబడుతుంది.

చెవిని నిజంగా పాడుచేసేది శబ్దం. 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినవచ్చునంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. 90కి పెంచితే నాలుగు గంటలే. బస్సు రొదను మించి పాట వినబడాలని వాల్యూమ్ పెంచే పిల్లలను చూస్తే నాకు దిగులేస్తుంది. లోపలిచెవిలో వినికిడికి ఆధారమైన సన్నటి రోమకణాలు ఒకసారి చస్తే మనిషికి మళ్లీ మొలవవు.

ఇక, గుండెకు పరికరం అమర్చుకున్నవారు అసలు జాగ్రత్తపడాల్సిన క్షేత్రం ఒకటుంది: ఇయర్‌ఫోన్‌లోని బుల్లి నియోడిమియం అయస్కాంతానిది. బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ వైద్య కేంద్రం పరిశోధకులు 2008లో పేస్‌మేకర్లు, డీఫిబ్రిలేటర్లు అమర్చిన 60 మందిని పరీక్షించారు. హెడ్‌ఫోన్‌ను ఛాతీమీద, సరిగ్గా పరికరం ఉన్నచోట ఉంచితే 14 మందిలో దాని పనికి అంతరాయం కలిగింది. కనీసం మూడు సెంటీమీటర్లు ఎడం ఉంచాలని సలహా ఇచ్చారు. చెవిలో ఉన్నంతసేపూ ఇబ్బంది లేదు. పాట అయ్యాక చొక్కా పైజేబులో వేసుకోవడం, మెడలో వేలాడేయడమే ప్రమాదం. హెడ్‌ఫోన్స్ తీయకుండా మనవరాలు తాతయ్య గుండెలమీద తలవాల్చినా అంతే.