వ్యాపార గొడవలకు ఆర్బిట్రేషన్: అగ్రిమెంట్ చివరి పేజీ చదివారా?

సరుకు పంపించాం, బిల్లు ఇచ్చాం, ఏడాదైనా డబ్బులు రాలేదు. సరే అని కోర్టులో కేసు వేస్తే అవతలి లాయర్ లేచి, "ఇది ఇక్కడ నడవదండి, అగ్రిమెంట్‌లో ఆర్బిట్రేషన్ క్లాజ్ ఉంది" అంటాడు. అప్పుడు మనం చివరి పేజీ తిరగేస్తాం. సంతకం పెట్టిన రోజు చదవని పేజీ అదే! ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం.

ముందు ఒక మాట. ఆర్బిట్రేషన్‌నీ, మీడియేషన్‌నీ తెలుగులో మధ్యవర్తిత్వం అనే అనేస్తాం. అక్కడే తికమక. మీడియేటర్ ఇద్దర్నీ కూర్చోబెట్టి రాజీకి ప్రయత్నిస్తాడు, తీర్పు చెప్పడు. ఆర్బిట్రేటర్ మాత్రం కాగితాలు చూసి, వాదనలు విని తీర్పు ఇస్తాడు. దాన్నే అవార్డు అంటారు. 1996 నాటి చట్టం ప్రకారం అది కోర్టు డిక్రీ లాగే అమలవుతుంది. పెద్దమనుషుల మాట నచ్చకపోతే పంచాయితీ నుంచి లేచి వచ్చేయొచ్చు గానీ, ఇక్కడ అలా కుదరదు.

ఇప్పుడు క్లాజ్‌లోకి వద్దాం. విజయవాడలో ప్యాకింగ్ సామాన్లు తయారుచేసే ఒకాయనకి ఢిల్లీ కంపెనీ 18 లక్షలు బాకీ అనుకుందాం. క్లాజ్‌లో మూడు సంగతులున్నాయి: ఆర్బిట్రేటర్లు ముగ్గురు, సీట్ ఢిల్లీ, నియమించేది కంపెనీ.

ముగ్గురంటే న్యాయం గట్టిగా జరుగుతుందని అనుకుంటాం. ఖర్చు చూడండి. చట్టంలోని నాలుగో షెడ్యూల్ నమూనా ఫీజు ప్రకారం 18 లక్షల వివాదానికి ఒక్కొక్కరికి 90,500 రూపాయలు. ముగ్గురికి 2,71,500. ఒక్కరే అయితే పాతిక శాతం అదనంగా కలిపినా 1,13,125. సంఖ్య రాయకపోతే చట్టం ఒక్కరే అంటుంది. చిన్న వ్యాపారానికి ముగ్గురెందుకండీ?

సీట్ అంటే హియరింగ్ జరిగే గది కాదు. హియరింగ్ వీడియోలో కూడా పెట్టుకోవచ్చు. కానీ అవార్డును సవాలు చేయాలంటే సీట్ ఉన్న ఊరి కోర్టుకే పోవాలి. అంటే మనాయన ఢిల్లీ రైలెక్కాలి.

ఇక కంపెనీయే నియమించడం. ఫలితంలో స్వప్రయోజనం ఉన్నవాళ్లు ఏకైక ఆర్బిట్రేటర్‌ని తామే ఎంపిక చేయడం కుదరదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. అలాంటప్పుడు సెక్షన్ 11 కింద కోర్టును అడగొచ్చు. అయితే జాగ్రత్త! వివాదం మొదలయ్యాక "మీరు పెట్టిన మనిషి మీద మాకు అభ్యంతరం లేదు" అని రాసిచ్చేస్తే, ఆ రక్షణ వదులుకున్నట్టే. ఇలాంటి కాగితం వస్తే లాయర్‌కి చూపించకుండా సంతకం పెట్టకండి.

టైమ్ సంగతి. ఇరుపక్షాల వాదనలు రాతపూర్వకంగా పూర్తయ్యాక 12 నెలల్లో అవార్డు రావాలి. ఇద్దరూ ఒప్పుకుంటే మరో 6 నెలలు, ఆ పైన కోర్టు అనుమతి కావాలి. అవార్డు నచ్చకపోతే 3 నెలల్లో, తగిన కారణం చూపితే ఇంకో 30 రోజుల్లో సవాలు చేయాలి. ఇది అప్పీలు కాదు, కేసు మొత్తాన్ని మళ్లీ తిరగతోడరు. 2015 సవరణ తర్వాత, సవాలు వేసినంత మాత్రాన చెల్లింపు ఆగిపోదు కూడా.

మనాయనకి ఇంకో దారి ఉంది. సరుకు ఇచ్చే ముందే చిన్న పరిశ్రమగా రిజిస్టర్ అయ్యుంటే, ఎంఎస్ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్లొచ్చు. క్లాజ్ ఉన్నా సరే ఆ చట్టానిదే పైచేయి అని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది. పైగా సప్లయర్ ఉన్నచోటి కౌన్సిలే వింటుంది, ఢిల్లీ గొడవ తప్పుతుంది.

ఏ దారైనా గడువు మర్చిపోకండి. డబ్బు చెల్లించాల్సిన తేదీ నుంచి మామూలుగా 3 ఏళ్లు. ఆర్బిట్రేషన్ అయితే ఆ లోపు అవతలివాళ్లకి నోటీసు అందాలి. "వచ్చే నెల ఇస్తాం సార్" అనే ఫోన్ మాటలతో ఆ గడువు పెరగదు. గడువు దాటకముందే బాకీ ఒప్పుకుంటూ సంతకంతో రాసిస్తే మాత్రం, ఆ తేదీ నుంచి లెక్క మళ్లీ మొదలవుతుంది. కాబట్టి ఫోన్ పెట్టేసి, ఆ కాగితం అడగండి.